ప్రధాని మాట్లాడిన మర్నాడు పొద్దున

(జర్నలిజం విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనకదాకా వినపడుతోందా? సరే, ఆ తలుపు కొంచెం దగ్గరకి వెయ్యండి, బయట సౌండ్ ఎక్కువగా ఉంది.

నాకిచ్చిన టాపిక్ ఏంటంటే, దేశ స్థాయి నాయకుడు పెద్ద ప్రసంగం చేసినప్పుడు జనం ఎలా రియాక్ట్ అవుతారు, దాన్ని మనం ఎలా రాయాలి అని. మీరు ఇంకో ఏడాదికో ఆర్నెల్లకో డెస్కుల్లో కూర్చుంటారు, ఫీల్డులో తిరుగుతారు కాబట్టి పనికొచ్చేదే చెప్తాను. ఇది నాకు చాలా ఏళ్ళ నుంచీ మనసులో నలుగుతున్న విషయం.

మన పేపర్లలో ఒక బాక్స్ ఉంటుంది చూడండి, పెద్ద ప్రసంగం వచ్చిన మర్నాడు లోపలి పేజీలో తప్పకుండా ఉంటుంది, జనం ఏమంటున్నారు అని హెడ్డింగు, ఐదు పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు, ఒక ఆటో డ్రైవరు, ఒక గృహిణి, ఒక స్టూడెంటు, ఒక వ్యాపారి, ఒక రిటైర్డ్ ఉద్యోగి. ఇద్దరు బాగుందంటారు, ఇద్దరు బాలేదంటారు, ఒకాయన చూడాలండీ ఏమవుతుందో అంటాడు. బ్యాలెన్స్ కుదిరింది, పేజీ వెళ్ళిపోయింది. టీవీలో అయితే ఇదే పని మైక్ పట్టుకుని బస్టాండులో చేస్తారు.

ఆ బాక్సులో అబద్ధం ఏమీ ఉండదు, వాళ్ళు నిజంగానే ఆ మాటలన్నారు. కానీ ప్రసంగం అయిన గంటకి మైక్ పెట్టి ఎలా ఉందండీ అంటే మనిషి తన పార్టీ ఏదో చెప్తాడు, లేదా పక్కన నిలబడ్డవాళ్ళు ఏమనుకుంటారో చూసుకుని చెప్తాడు. ఆ ప్రసంగం విని ఆయన ఏం చెయ్యబోతున్నాడో మాత్రం మనకి తెలీదు, ఎందుకంటే మనం అడగలేదు. నేను ఈ పూట చెప్పేదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే, జనం ఏమన్నారో తర్వాత, విన్నాక లేచి ఎక్కడికి వెళ్ళారో ముందు చూడండి.

2016 నవంబర్ 8 గుర్తుందా మీకు? అప్పటికి మీరు హైస్కూల్లోనో ఇంకా చిన్న క్లాసుల్లోనో ఉండుంటారు. మంగళవారం. ఆ రాత్రి దేశంలో ఏ న్యూస్ డెస్కులో చూసినా అమెరికా ఎన్నికల గొడవే, ట్రంపా హిల్లరీనా అని ఫస్ట్ పేజీ దానికోసం ప్లాన్ చేసుకుని కూర్చున్నారు. రాత్రి ఎనిమిది దాటాక ప్రధాని టీవీలోకొచ్చి 500, 1000 నోట్లు అర్ధరాత్రి నుంచి చెల్లవని చెప్పేశారు. మన ఏరియాల్లో చాలామందికి ఆ హిందీ సగమే అర్థమైంది, తెలుగు చానళ్ళలో యాంకర్లు వింటూ వింటూ చెప్తుంటే అది పట్టుకున్నారు. సరిగ్గా అర్థమవని వాళ్ళు కూడా ఒక విషయం మాత్రం వెంటనే పట్టేశారు, చేతిలో నాలుగ్గంటల టైమ్ కూడా లేదని.

ఆ నాలుగ్గంటల్లో జరిగిందే అసలు రియాక్షన్. పెద్ద ఊళ్ళలో బంగారం షాపులు మామూలుగా మూసేసే టైమ్ దాటి అర్ధరాత్రి దాకా నడిచాయి. ఏటీఎంల ముందు లైన్లు కట్టి వంద నోట్లు వచ్చేలాగా నాలుగొందలు నాలుగొందలు అని మళ్ళీ మళ్ళీ డ్రా చేసుకున్నారు, ఎందుకంటే ఐదొందలు కొడితే మళ్ళీ ఆ నోటే వస్తుంది. పెట్రోల్ బంకుల్లో ట్యాంకు ఫుల్ చెయ్యమని పెద్ద నోటు చూపించారు. ఆ టైములో మీరు వాళ్ళని ఆపి, సార్ నల్లధనం మీద ప్రధాని నిర్ణయం ఎలా ఉంది అని అడిగితే చాలామంది సూపర్ అని చెప్పేవాళ్ళు. సూపర్ అంటూనే ఏటీఎం లైన్లో నిలబడేవాళ్ళు. మరి మీరు దేన్ని రాస్తారు?

రెండూ రాయాలి, అదే నేను చెప్పేది.

బ్యాంకులు 9వ తారీఖున మూసేశారు, 10న తెరిచారు. ఆ వారంలో నేను ఒక మండల కేంద్రంలో బ్యాంకు ముందు చాలాసేపు నిలబడ్డాను. తెల్లారకముందే లైన్ ఉంది, కానీ లైన్లో మనుషులు లేరు. చెప్పులు ఉన్నాయి. ఒక జత చెప్పులు, తర్వాత ఒక రాయి, తర్వాత ఒక సంచి, మళ్ళీ చెప్పులు, ఒకదాని వెనక ఒకటి బ్యాంకు గేటు నుంచి రోడ్డు దాకా. ఆ చెప్పుల ఓనర్లు ఎదురుగా చెట్టు కింద కూర్చుని ఉన్నారు, ఎవడైనా ఒక రాయి జరిపితే మాత్రం అందరూ ఒక్కసారి లేచేవాళ్ళు. పక్కన జిరాక్స్ షాపు ముందు ఇంకో లైన్, ఆధార్ లాంటి ఏదో ఒక గుర్తింపు కార్డు జిరాక్స్ లేకపోతే లోపల నోటు మార్చరు కదా. మొదట మనిషికి 4000 మార్చుకోవచ్చన్నారు, తర్వాత 4500 చేశారు, మళ్ళీ 2000కి తగ్గించారు, మధ్యలో వేలికి సిరా వెయ్యడం మొదలుపెట్టారు, ఆఖరికి 24వ తారీఖుతో మార్పిడే ఆపేసి డిపాజిట్ ఒక్కటే అన్నారు. రూల్ మారిన ప్రతిసారీ ఆ చెట్టు కింద మాటలు కూడా మారిపోయేవి. 9వ తారీఖు నాటి అభిప్రాయం 17వ తారీఖుకి లేదు.

ఆ చెట్టు కిందే ఒకావిడ, పత్తి ఏరే కూలికి వెళ్ళే మనిషి, నాతో రెండు మాటలు మాట్లాడింది. పెద్దోళ్ళ దొంగ డబ్బు బయటికొస్తదంట కదా, రానియ్యండి అంది. మరి మీకు ఇబ్బంది కదమ్మా అంటే, ఇబ్బందే, రెండ్రోజుల కూలి పోయింది, మేస్త్రి పాత నోటే ఇచ్చాడు, దాన్ని మార్చడానికి ఇంకో రోజు కూలి పోతోంది అంది. కోపం లేదా అన్నాను. కోపం ఎవరి మీద పెట్టుకోవాలి, ఆయన మంచికే చేశాడేమో, ఈ బ్యాంకోళ్ళే సరిగ్గా ఇస్తలేరు అంది. ఇంకో పది నిమిషాలకి, మా ఆయనకి తెలీకుండా దాచుకున్నవి కూడా తెచ్చాను, ఇప్పుడు తెలిసిపోయింది అని మొహం పక్కకి తిప్పుకుంది.

ఇప్పుడు చెప్పండి, ఈమెని ఆ బాక్సులో ఎక్కడ పెడతారు? బాగుందన్న వాళ్ళలోనా బాలేదన్న వాళ్ళలోనా? నాయకుడి ఉద్దేశాన్ని నమ్మింది, దానివల్ల నష్టపోయింది, తప్పు మాత్రం కౌంటర్లో కూర్చున్న గుమస్తా మీద వేసింది, అన్నిటికంటే పెద్ద నష్టం ఎవరికీ చెప్పుకోలేనిది, ఇంట్లో తన సొంత డబ్బు అని ఉన్న ఆ కాస్తా బయటపడిపోవడం. ఒక్క మనిషిలో ఇన్ని ఉన్నాయి. దేశం రెండుగా చీలిపోయింది అని మనం చానల్లో అరుస్తుంటాం చూడండి, చాలాసార్లు దేశం అంత నీట్‌గా చీలదు, మనిషే లోపల చీలిపోయి ఉంటాడు.

ఇంకోటి. ఆ నెలలోనే ప్రధాని పేరుతో ఉన్న యాప్‌లో ఒక సర్వే పెట్టారు, పది ప్రశ్నలు. ఒక్క రోజులో ఐదు లక్షల మందికి పైగా పాల్గొన్నారనీ, అందులో 90 శాతం పైన నిర్ణయానికి సపోర్ట్ చేశారనీ ప్రకటించారు, అన్ని చానళ్ళూ దాన్ని ప్రజల తీర్పు లాగా స్క్రోలింగ్ వేశాయి. నేను ఆ ఐదు లక్షల మందీ అబద్ధం చెప్పారనట్లేదు. కానీ ఒక నాయకుడి పేరు మీద ఉన్న యాప్ ఫోన్లో వేసుకున్నవాళ్ళు ఎవరు? ఆయన మీద ముందునుంచే ఇష్టం ఉన్నవాళ్ళు ఎక్కువ. పైగా స్మార్ట్ ఫోన్, డేటా ఉన్నవాళ్ళు. ఇందాక చెప్పిన ఆవిడ అందులో లేదు. సర్వే అనే మాట కనపడగానే మీరు చెయ్యాల్సిన మొదటి పని, ఎవర్ని అడిగారు, ఎలా అడిగారు అని చూడటం. అపోజిషన్ వాళ్ళు చేయించిన సర్వే అయినా ఇదే రూలు, అందులో మొహమాటం వద్దు.

సరే, ఇంకోవైపు వాళ్ళు ఏం చేశారో కూడా చూద్దాం. లైన్లలో కష్టాలు, లైన్లలో నిలబడి ప్రాణాలు పోయిన వార్తలు చూసి చాలామంది జర్నలిస్టులు, ఎడిటర్లు, జనం కోపంతో ఉడికిపోతున్నారు, ఎన్నికల్లో చూపిస్తారు అని రాసేశారు. 2017 మార్చిలో ఉత్తరప్రదేశ్ రిజల్ట్ వచ్చింది, 403 సీట్లలో బీజేపీకి సొంతంగానే 312. నోట్ల రద్దుకి జనం ఓటేశారు అని ఆ నిర్ణయాన్ని మెచ్చుకున్నవాళ్ళు రాసేశారు. అది కూడా తొందరే, ఒక రాష్ట్రం ఎన్నికల్లో కులం, కేండిడేటు, పాత ప్రభుత్వం మీద విసుగు, వంద కారణాలుంటాయి. కానీ లైన్లో కనపడిన కష్టాన్ని చూసి దాన్నే ఓటు అనుకున్నవాళ్ళు జనాన్ని పూర్తిగా వినలేదు అని మాత్రం తేలిపోయింది. కష్టపడటం, కోప్పడటం, వ్యతిరేకంగా ఓటెయ్యడం, ఈ మూడూ వేరు వేరు పనులు.

చివరికి రద్దయిన నోట్లలో 99.3 శాతం బ్యాంకుల్లోకి తిరిగొచ్చేశాయని రిజర్వ్ బ్యాంకే 2018 ఆగస్టులో రిపోర్టులో చెప్పింది. నల్లధనం దాచినవాళ్ళ నోట్లు ఉత్త కాగితాలైపోతాయన్న ప్రసంగానికీ దీనికీ పొంతన ఎలా అని అప్పుడు ఎకనామిస్టులు అడిగారు. కానీ ఆ రోజు ఎవరైనా రిపోర్టరు మళ్ళీ ఆ మండల కేంద్రానికి వెళ్ళి, ఆ చెట్టు కింద కూర్చున్నవాళ్ళని, ఇప్పుడేమనుకుంటున్నారు అని అడిగారా? నాకు తెలిసి చాలా తక్కువమంది. మొదటి రోజు జనం మాట మనకి వార్త, రెండేళ్ళ తర్వాత అదే జనం మాట మనకి వార్త కాదు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం, నిజంగా చెప్తున్నాను.

ఇదే బ్యాంకుల మీద, డబ్బు మీద, ఇంకో దేశంలో ఇంకో నాయకుడు మాట్లాడింది పక్కన పెట్టుకుని చూడండి. 1933 మార్చి, అమెరికా. అక్కడ బ్యాంకులు వరసగా కూలిపోతున్నాయి, జనం డబ్బంతా డ్రా చేసుకుని ఇళ్ళలో దాచేసుకుంటున్నారు. రూజ్వెల్ట్ అప్పుడే ప్రెసిడెంట్ అయ్యాడు, వచ్చిన రెండ్రోజులకే బ్యాంకులన్నిటికీ సెలవు ఇచ్చేశాడు. 12వ తారీఖు ఆదివారం రాత్రి రేడియోలో మాట్లాడాడు, పావుగంట కూడా లేదు. మీరు బ్యాంకులో వేసిన డబ్బుని బ్యాంకు ఏం చేస్తుంది, అందరూ ఒకేసారి అడిగితే ఎందుకు ఇవ్వలేదు, రేపు ఏ ఊళ్ళో బ్యాంకులు తెరుస్తారు, ఎల్లుండి ఎక్కడ తెరుస్తారు, ఇదంతా చదువు లేనివాళ్ళకి కూడా అర్థమయ్యేలాగా వరసగా చెప్పాడు. పరుపు కింద పెట్టుకునే కంటే తెరిచిన బ్యాంకులో పెట్టుకోవడమే క్షేమం అన్నాడు. సోమవారం పొద్దున బ్యాంకుల ముందు మళ్ళీ లైన్లు కట్టారు, ఈసారి డబ్బు వెయ్యడానికి. రెండు వారాల్లో దాచుకున్న డబ్బులో సగానికి పైగా తిరిగి బ్యాంకుల్లోకి వచ్చేసింది. 15న షేర్ మార్కెట్ తెరిస్తే ఆ ఒక్క రోజే డౌ జోన్స్ సూచీ 15 శాతం పైన పెరిగింది.

అక్కడా లైన్లే, ఇక్కడా లైన్లే. నేను ఆయన గొప్ప ఈయన తక్కువ అని పోటీ పెట్టడానికి చెప్పట్లేదు, పరిస్థితులు వేరు, రెండూ ఒకటి కాదు. కానీ అక్కడ జనం లైన్ కట్టింది నమ్మకంతో, అవతల ఆప్షన్ ఉన్నా వచ్చారు, ఇంట్లోనే ఉంచుకోవచ్చు, ఎవరూ బలవంతం చెయ్యలేదు. ఇక్కడ లైన్లో నిలబడకపోతే చేతిలో ఉన్నది కాగితం అయిపోతుంది. ఫోటో తీస్తే రెండు లైన్లూ ఒకేలా ఉంటాయి. లైన్లో మనిషికి రాకుండా ఉండే వీలుందా లేదా అన్నది ఫోటోలో పడదు, అది రిపోర్టరు అడిగి రాయాలి.

నీళ్ళు కొంచెం ఇస్తారా... థ్యాంక్యూ అమ్మా.

నోట్ల రద్దు తర్వాత ఇంకో మార్పు వచ్చింది, అది మీరు కూడా చూసే ఉంటారు. రాత్రి ఎనిమిదింటికి ప్రధాని జాతినుద్దేశించి మాట్లాడతారు అని స్క్రోలింగ్ వస్తే చాలు, ఆయన నోరు తెరవకముందే జనం కదలడం మొదలెడతారు. ఈసారి ఏం రద్దు చేస్తారు, ఏం మూసేస్తారు అని వాట్సాప్ గ్రూపుల్లో లెక్కలు. పాత ప్రసంగం నేర్పిన పాఠంతో కొత్త ప్రసంగానికి ముందే రియాక్షన్ అన్నమాట. అప్పట్లో 2000 నోటులో చిప్ ఉందని, భూమిలో పాతిపెట్టినా శాటిలైట్‌కి తెలిసిపోతుందని వాట్సాప్‌లో తిరిగింది, చదువుకున్నవాళ్ళే ఫార్వర్డ్ చేశారు, కొన్ని చానళ్ళు కూడా చెప్పేశాయి. అదే వారం ఉత్తరాదిలో ఉప్పు దొరకదని పుకారు లేచి కిలో వందల రూపాయలకి కొనుక్కున్నారు. పుకారుని మనం పిచ్చి జనం అని తీసిపారేస్తాం. నాకు మాత్రం అది ప్రసంగంలో చెప్పకుండా వదిలేసిన ఖాళీని జనం తమ భయంతో నింపుకోవడం లాగా కనపడుతుంది. ఎక్కడ పుకారు పుట్టిందో అక్కడ ప్రభుత్వం ఏదో చెప్పలేదని గుర్తు పెట్టుకోండి, రిపోర్టరుకి అది మంచి క్లూ.

2020 మార్చి 24. మళ్ళీ రాత్రి ఎనిమిది. ఇంకో నాలుగ్గంటల్లో దేశమంతా 21 రోజులు లాక్‌డౌన్ అన్నారు. గడప దాటొద్దు, గడప మీద లక్ష్మణరేఖ గీశాం అనుకోండి అన్నారు. మర్నాడు మనకి ఉగాది. ఇంట్లోనే ఉండండి అన్న ప్రసంగం పూర్తయిన పది నిమిషాలకి జనం షాపుల ముందు గుంపులు కట్టారు. భయపడొద్దు, నిత్యావసరాలు దొరుకుతాయి అని ఆ తర్వాత ట్విట్టర్‌లో చెప్పాల్సి వచ్చింది. అంటే విన్నవాళ్ళు మాట వినలేదని కాదు, ప్రతి మనిషికీ ఆ ప్రసంగంలో మొదట వినపడింది ఒకటే, మరి బియ్యం, మందులు, పాలు?

హైదరాబాద్‌లో హాస్టళ్ళ సంగతి మీలో కొంతమందికి సొంత అనుభవం అయ్యుండొచ్చు, మీ అక్కలో అన్నలో అమీర్‌పేట్‌లోనో ఎస్సార్ నగర్‌లోనో కోచింగ్‌కి ఉండుంటారు. ఎక్కడివాళ్ళు అక్కడే ఉండండి అని ఢిల్లీ నుంచి మాట వచ్చింది. హాస్టల్ ఓనర్లు ఖాళీ చెయ్యండి, సరుకులు లేవు, వంటమనుషులు లేరు అన్నారు. పిల్లలు పోలీస్ స్టేషన్ల ముందు పాసుల కోసం వందల్లో లైన్ కట్టారు, ఒకరికి ఒకరు తగలకూడదు అన్న రోజే భుజం భుజం రాసుకుంటూ. పాసులిచ్చారు. బైకుల మీద, కార్లలో బయల్దేరి విజయవాడ రోడ్డు మీద గరికపాడు చెక్‌పోస్ట్ దగ్గరికి వచ్చేసరికి, ఈ పాసు ఇక్కడ చెల్లదు, లోపలికి రావాలంటే క్వారంటైన్‌కి వెళ్ళాలి అని ఆంధ్రా పోలీసులు ఆపేశారు. రాత్రంతా రోడ్డు మీదే. రెండు రాష్ట్రాల ముఖ్యమంత్రులు మాట్లాడుకోవాల్సి వచ్చింది. ఆ ప్రసంగానికి తెలుగువాళ్ళ రియాక్షన్ ఏంటి అని ఎవరైనా అడిగితే నేను గరికపాడు చూపిస్తాను. స్టూడియోలో కూర్చుని చెప్పిన ఏ కామెంటూ దానికి సాటి రాదు. ఢిల్లీ ఆనంద్ విహార్ బస్టాండులో నాలుగు రోజుల తర్వాత కనపడ్డ వలస కూలీల జనసముద్రం కూడా అలాంటిదే, వాళ్ళని ప్రసంగం బాగుందా అని ఎవరూ అడగలేదు, కాళ్ళతో చెప్పేశారు.

(ప్రేక్షకుల్లోంచి ఒక విద్యార్థి: సార్, మరి చప్పట్లు కొట్టమంటే దేశమంతా కొట్టారు కదా, దీపాలు వెలిగించారు కదా, అది కూడా రియాక్షనే కదా?)

మంచి ప్రశ్న తమ్ముడూ, కచ్చితంగా రియాక్షనే, అది కూడా కాళ్ళూ చేతులతో చేసిందే కాబట్టి నాకు ఇంకా ఇష్టం. దాన్ని కొలవడానికి ఒక లెక్క కూడా ఉంది. ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిదింటికి తొమ్మిది నిమిషాలు లైట్లు ఆర్పి దీపాలు పెట్టమన్నారు. కరెంటు వాళ్ళకి గుండెల్లో రాయి పడింది, అందరూ ఒకేసారి ఆపి ఒకేసారి వేస్తే గ్రిడ్ పడిపోతుందేమో అని. ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు, ఏసీలు ఆపొద్దు లైట్లే ఆపండి అని ప్రకటన ఇచ్చారు. 12, 13 వేల మెగావాట్లు తగ్గుతుందని అంచనా వేసుకున్నారు. తగ్గింది 30 వేల మెగావాట్ల పైన. అంచనాకి రెండింతలు దాటిపోయింది. జలవిద్యుత్ కేంద్రాల దగ్గర ఇంజనీర్లు నిమిషాల్లో ఉత్పత్తి దించి, మళ్ళీ తొమ్మిదీ పదికి ఎక్కించి, గ్రిడ్‌ని నిలబెట్టారు. ఒక నాయకుడి మాటకి దేశం ఎంత కదిలిందో మెగావాట్లలో కనపడిన సందర్భం ఇంకోటి నాకు గుర్తు రావట్లేదు, అది చిన్న విషయం కాదు, ఒప్పుకోవాలి.

కానీ మళ్ళీ అదే ప్రశ్న అడగండి. ఎందుకు ఆర్పారు? కొంతమంది నాయకుడి మీద నమ్మకంతో. కొంతమంది డాక్టర్ల మీద, నర్సుల మీద గౌరవంతో, వాళ్ళు ఆ నాయకుడికి ఎప్పుడూ ఓటెయ్యని వాళ్ళు కూడా. కొంతమంది పది రోజులుగా నాలుగు గోడల మధ్య ఉండి ఉండి, అపార్ట్‌మెంట్ బాల్కనీలోకి వచ్చి ఎదురింటి మనిషి మొహం చూడటానికి. కొంతమంది మనం ఒక్కళ్ళమే లైట్ ఉంచితే ఏమనుకుంటారో అని. మెగావాట్లు ఎంతమంది అని చెప్తాయి, ఎందుకు అని చెప్పవు. 1965లో అప్పటి ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి గారు సోమవారం ఒక పూట భోజనం మానెయ్యండి, తిండి గింజలు తక్కువగా ఉన్నాయి అని అడిగితే జనం మానేశారు, సోమవారం సాయంత్రం హోటళ్ళు కూడా మూసేశారు. ముందు తన ఇంట్లో పస్తు ఉంచి చూశాకే దేశాన్ని అడిగారని వాళ్ళ కుటుంబం వాళ్ళు తర్వాత చెప్పారు. అప్పుడు కూడా మానినవాళ్ళందరి కారణం ఒకటే అయ్యుండదు.

(ఇంకో విద్యార్థిని: మేడమ్ వాళ్ళు క్లాసులో చెప్పారు, ఎమర్జెన్సీ అప్పుడు జనం అసలు రియాక్ట్ అవ్వలేదని. అలా ఏమీ చెయ్యకపోతే ఏం రాయాలి సార్?)

కూర్చో అమ్మా. ఇది నేను మర్చిపోకుండా చెప్పాలనుకున్నదే, నువ్వే అడిగావు.

1975 జూన్ 26 పొద్దున ఇందిరా గాంధీ ఆకాశవాణిలో మాట్లాడారు, రాష్ట్రపతి ఎమర్జెన్సీ ప్రకటించారు, కంగారు పడాల్సింది ఏమీ లేదు అని. ముందురోజు రాత్రే ఢిల్లీలో పేపర్ ఆఫీసులుండే రోడ్డుకి కరెంటు తీసేశారు, లీడర్లని ఇళ్ళలోంచి ఎత్తుకెళ్ళారు. ఆ రోజు జనం మీద బాక్స్ వెయ్యమంటే ఏం వేస్తారు? అందరూ బాగుందనే అంటారు. రైళ్ళు టైముకి నడుస్తున్నాయి, ఆఫీసుల్లో గుమస్తాలు టైముకి వస్తున్నారు అన్నారు, నిజంగా మెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు, వాళ్ళని భయస్తులని కొట్టిపారెయ్యకూడదు. బొంబాయిలో ఒకాయన మాత్రం జూన్ 28న టైమ్స్ ఆఫ్ ఇండియా క్లాసిఫైడ్స్‌లో, ప్రజాస్వామ్యం అనే మనిషి 26న చనిపోయాడని మరణవార్త ప్రకటన ఇచ్చాడు, ఇంగ్లీషు డెమోక్రసీ అనే మాటని మనిషి పేరులా విరిచి రాస్తే సెన్సార్ వాళ్ళకి పట్టుబడలేదు. అదే రోజు ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సంపాదకీయం చోటు ఖాళీగా వదిలేసింది. ఇవి కూడా రియాక్షన్లే, చిన్నవి, మూల మూలన పడినవి, వెతికితేనే కనపడేవి.

పెద్దది 21 నెలలు ఆగి వచ్చింది. 1977 మార్చిలో ఎన్నికలు, ఉత్తరప్రదేశ్‌లో 85 సీట్లు, కాంగ్రెస్‌కి సున్నా. బీహార్‌లో 54, అక్కడా సున్నా. రాయ్‌బరేలీలో ఇందిరా గాంధీనే 55 వేల ఓట్ల తేడాతో ఓడిపోయారు. మరి మన దగ్గర? ఆంధ్రప్రదేశ్‌లో 42 సీట్లకి 41 కాంగ్రెస్‌కి. మిగిలిన ఆ ఒక్కటీ నంద్యాల, జనతా పార్టీ తరఫున నీలం సంజీవరెడ్డి గారు గెలిచారు, తర్వాత అదే ఏడు రాష్ట్రపతి అయ్యారు. ఒకే దేశం, ఒకే రేడియో, ఒకే ప్రసంగం. ఉత్తరాదిలో బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు ఇంటింటికీ వచ్చాయి, అంత ఉధృతంగా ఇక్కడికి రాలేదు, అందుకే అక్కడ ఎమర్జెన్సీ అంటే ఒంటి మీద దెబ్బ, ఇక్కడ చాలామందికి పేపర్లో వార్త. కాబట్టి నువ్వడిగిన దానికి నా జవాబు, ఏమీ చెయ్యట్లేదు అని రాయొద్దు, ఎవరు ఎక్కడ ఏం చెయ్యలేని పరిస్థితిలో ఉన్నారో రాయి, తారీఖుతో సహా రాయి. ఎన్నికలు వచ్చిన రోజున అది పనికొస్తుంది.

చివరగా ఒకటి చెప్పి ముగిస్తాను, టైమ్ అయిపోతోందని చూపిస్తున్నారు.

2021 నవంబర్ 19, గురునానక్ జయంతి, పొద్దున తొమ్మిదింటికి ప్రధాని టీవీలోకొచ్చి మూడు వ్యవసాయ చట్టాలూ వెనక్కి తీసుకుంటున్నాం అన్నారు, దేశానికి క్షమాపణ చెప్పారు, రైతులు ఇళ్ళకి వెళ్ళండి, పొలాలకి వెళ్ళండి అన్నారు. ఏడాది నుంచీ ఢిల్లీ బార్డర్లో, సింఘూ, టిక్రీ, ఘాజీపూర్‌లో ఎండకీ చలికీ కూర్చున్న రైతులు వాళ్ళు. టీవీలు ఏం చూపించాయి? జిలేబీలు పంచుకోవడం, డాన్సులు, ట్రాక్టర్ల మీద జెండాలు. రియాక్షన్ సంబరం, స్టోరీ అయిపోయింది.

కానీ ఒక్క టెంటు కూడా లేవలేదండీ. అదీ వార్త. జిలేబీ తింటూనే, పార్లమెంటులో రద్దు చేసి చూపించండి అన్నారు. 29న పార్లమెంటులో రద్దు బిల్లు పాసయింది, అయినా లేవలేదు. మద్దతు ధర మీద కమిటీ, మా మీద పెట్టిన కేసులు, వీటి సంగతి కాగితం మీద రాసివ్వండి అన్నారు. డిసెంబర్ 9న వ్యవసాయ శాఖ నుంచి సంతకం పెట్టిన ఉత్తరం వచ్చింది. 11న టెంట్లు పీకి బయల్దేరారు. దేశ ప్రధాని టీవీలో చెప్పిన మాటకీ రైతు టెంటు తాడు విప్పడానికీ మధ్య 22 రోజులు. ఆ 22 రోజుల్లో ఏముందో అదే ఆ ప్రసంగానికి జనం ఇచ్చిన జవాబు, సంతోషం ఉంది, అపనమ్మకం ఉంది, బేరం ఉంది. మొదటి రోజు కెమెరాలు సర్దేసుకుని వచ్చేసినవాళ్ళకి మొదటిదే దొరికింది.

కాబట్టి బాక్స్ వెయ్యమని మీ న్యూస్ ఎడిటర్ చెప్తాడు, వెయ్యండి, ఉద్యోగం చెయ్యాలి కదా. కానీ ఆ ఐదుగుర్నీ ప్రసంగం ఎలా ఉందండీ అని అడక్కండి. రేపు పొద్దున మీరు ఏం చెయ్యబోతున్నారు అని అడగండి. దీనివల్ల మీకు ఎంత ఖర్చు, ఎన్ని రోజుల పని పోతుంది అని అడగండి. మీకు చెయ్యకుండా ఉండే వీలుందా అని అడగండి. ఫోన్ నంబర్ తీసుకోండి, డైరీలో రాసుకోండి, నెల తర్వాత ఒకసారి, ఏడాది తర్వాత ఒకసారి ఫోన్ చెయ్యండి, వాళ్ళు మిమ్మల్ని గుర్తు పెట్టుకుంటారు, మళ్ళీ అడిగినవాళ్ళు ఎవరూ ఉండరు కాబట్టి. ఆడవాళ్ళని వాళ్ళ ఇంట్లో మగవాళ్ళు పక్కన లేనప్పుడు అడగండి, లేకపోతే మీకు ఆయన అభిప్రాయమే రెండుసార్లు దొరుకుతుంది. భాష రాని ఏరియాకి వెళ్తే ఆ ప్రసంగం వాళ్ళకి ఎవరి నోటి ద్వారా చేరిందో కూడా రాయండి, టీవీ యాంకరా, వాట్సాప్ గ్రూపా, సర్పంచా, పక్కింటి కుర్రాడా, ఎందుకంటే వాళ్ళు రియాక్ట్ అయ్యింది ఆ నోటికే.

ప్రశ్నలు ఇంకా ఉన్నట్టున్నాయి. ఆ వెనక చెయ్యెత్తిన అబ్బాయికి మైక్ ఇవ్వండి.